కార్బన్ తగ్గాలంటే మారాల్సింది మెషిన్లా, మనుషులా?

మీటర్‌పిచ్చి:
కరెంటు బొగ్గు నుంచి సోలార్‌కి, గాలికి మారుతోంది. కార్లు బ్యాటరీకి మారుతున్నాయి. ఇంకా జనాన్ని "అలవాట్లు మార్చుకోండి" అని పోరడం ఎందుకు? బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి పంపే హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఎల్ఈడీ బల్బు పాత బల్బు తినేదాంట్లో ఐదో వంతుతో సరిపెట్టుకుంటుంది. వస్తువు మార్చండి, మనిషి జోలికి పోకండి. కాదనేవాళ్లు చెప్పండి.

పాతబొగ్గు:
నేను కాదంటాను. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడిస్తే మొత్తం బొగ్గు వాడకం తగ్గకపోగా పెరుగుతుందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే చెప్పాడు. ఎల్ఈడీ చవకే కదా అని గోడ మీద, మెట్ల కింద, గేటు పక్కన తెల్లార్లూ వెలిగిస్తున్నది ఎవరు?

మీటర్‌పిచ్చి:
ఎక్కడ చర్చ జరిగినా జెవన్స్‌ని లాక్కొస్తారేంటండీ! ఇంట్లో ఎన్ని లైట్లు పెట్టుకున్నా దానికో హద్దుంటుంది. ఆదాలో కొంత పోతుంది, మొత్తం పోదు.

అద్దెఇల్లు:
మీరిద్దరూ స్విచ్ వేసే మనిషి దగ్గరే ఆగిపోయారు. నేనుండేది అద్దింట్లో. గీజర్ కొనేది ఓనరు, బిల్లు కట్టేది నేను. ఆయన చవకరకం పెట్టిస్తాడు, ఆయనకేం పోయింది? డాబా నాది కాదు కాబట్టి సోలార్ మాటే ఎత్తలేను. మంచి గీజర్ మార్కెట్లో ఉంది, నాకు పొదుపు బుద్ధీ ఉంది. అయినా బిల్లు తగ్గదు.

ఫ్రాన్స్‌లో చూడండి. 2019 జనవరి నుంచి డీజిల్ మీద పన్ను లీటరుకు 6.5 సెంట్లు పెంచుతామన్నారు. బస్సు దొరకని ఊళ్లలో ఉంటూ కారుంటే తప్ప పనికి వెళ్లలేనివాళ్లు ఎంతోమంది 2018 నవంబరులో పసుపు జాకెట్లు వేసుకుని రోడ్డెక్కారు. డిసెంబరుకల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బస్సు వేయకుండా పన్ను వేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

డెన్మార్క్‌లో సామ్సో అనే దీవి కథ వేరు. పూర్తిగా పునరుత్పాదక ఇంధనంతో నడవాలని 1997లో దాన్ని ఎంపిక చేశారు. అక్కడి గాలిమరల్లో రైతులకూ మామూలు జనానికీ వాటాలున్నాయి. అదే మర బయటి కంపెనీదైతే చప్పుడు భరించలేం అంటారు. సొంతదైతే రెక్క తిరగనప్పుడే టెన్షన్.

పాతబొగ్గు:
వాటాల సంగతి సరే. పొద్దుగూకాక సోలార్ ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే వంట, ఏసీ, కారు చార్జింగ్ అన్నీ మొదలవుతాయి. దానికేం చేస్తారు?

మీటర్‌పిచ్చి:
టైమర్ పెట్టండి, అర్ధరాత్రి రేటు తగ్గించండి. కారు దానంతటదే చార్జ్ అవుతుంది. నిద్రపోయేవాడికి అలవాటు మార్చుకునే పనేముంది?

నైట్‌షిఫ్ట్:
వేళలు మార్చడం అంత తేలికైతే బాగుండేది. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత 2011 వేసవిలో జపాన్‌లో టోక్యో, తోహోకు ప్రాంతాల పెద్ద వినియోగదారులు పీక్ వాడకం (గిరాకీ బాగా ఎక్కువగా ఉండే వేళల్లో వాడకం) 15 శాతం తగ్గించాలని ఉత్తర్వులొచ్చాయి. కార్ల ఫ్యాక్టరీలు గురు, శుక్రవారాలు సెలవిచ్చి శని, ఆదివారాలు పని చేయించాయి. గ్రిడ్ గట్టెక్కింది. కానీ బడి సెలవు శని, ఆదివారాలే కదా. తల్లీ తండ్రీ ఇద్దరూ డ్యూటీలో ఉంటే పిల్లాణ్ని ఎవరు చూడాలి? నేను రాత్రంతా పనిచేసి పగలు పడుకుంటాను. మీ అర్ధరాత్రి రేటు నాకెందుకు?

మీటర్‌పిచ్చి:
అది యాజమాన్యంతో తేల్చుకోవాల్సిన విషయం, కరెంటుతో కాదు.

అద్దెఇల్లు:
ఆ షిఫ్టులు మార్పించింది కరెంటు కొరతే కదండీ! రేటు తగ్గింపు ప్రకటించే ముందే అది అందుకోలేనివాళ్లెవరో లెక్క తీయమనండి. అద్దెకుండేవాళ్లను అందులో మర్చిపోకుండా.