కొత్త బట్టకు వేసిన మాసిక: మరమ్మతుకు మేలా, కీడా?

నూలుకండె

చిరిగిన బట్టకు నలుగురికీ కనపడేలా మాసిక వేసుకోవడం చాలా నగరాల్లో యువతకు ఇష్టమైన పని అయింది. బట్ట నీలమైతే దారం ఎర్రది ఎంచుకుంటారు, కుట్టు దాగకూడదనే. ఆరేళ్లుగా నేనూ అదే చేస్తున్నాను. ఈ మధ్య పెద్ద దుకాణాల్లో కొత్త జీన్సుకు ముందుగానే మాసికలు కుట్టి, మోకాళ్ల మీద చుక్కల కుట్టు వేసి అమ్ముతున్నారు. ఒక్కసారైనా తొడగని బట్టకు మరమ్మతు గుర్తులు! ఇది మరమ్మతు అలవాటును పెంచుతుందా, చంపుతుందా? చంపుతుందనే నా వాదన.

జీన్సు బట్టలో పడుగుకు, అంటే నిలువు దారాలకు, నీలి రంగు వేస్తారు. పేక, అంటే అడ్డదారం, తెల్లగానే ఉంటుంది. రోజూ మోకాళ్లు వంచి పని చేసే మనిషి జీన్సులో ముందు నీలం పలచబడుతుంది. తర్వాత పడుగు తెగి, అడ్డంగా తెల్లని పేక పోగులు బయటపడతాయి. అందుకు ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లను ఒక్క పూటలో తెప్పించాలని కర్మాగారాలు గాలి ఒత్తిడితో ఇసుకను బట్ట మీదికి చిమ్మించాయి. ఆ ధూళి పీల్చిన కార్మికులకు సిలికోసిస్ వచ్చింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆ జబ్బుకు మందు లేదు. టర్కీలో యువ కార్మికులు దాని బారిన పడి చనిపోయాక 2009లో అక్కడి ప్రభుత్వం జీన్సు మీద ఆ పద్ధతిని నిషేధించింది. పాతదనాన్ని అంగట్లో కొనుక్కోవాలన్న మన ముచ్చటకు ఎవరో ఊపిరితో వెల చెల్లించారు. కుట్టి అమ్మే మాసిక కూడా ఆ ముచ్చట నుంచే పుట్టింది. అందుకే నాకు కోపం.

గోడబొమ్మ

నూలుకండె గారూ, ఇసుక సంగతిలో మీతో నాకు పేచీ లేదు. మాసిక సంగతి మాత్రం వేరు. మరమ్మతుకు అసలు శత్రువు దుకాణం కాదు, సిగ్గు.

జపాన్ ఈశాన్యాన చలికి పత్తి పండని పల్లెల్లో రైతులు నార బట్టలకు గుడ్డముక్కలు పొర మీద పొర వేసి కుట్టుకుని తరతరాలు వాడారు. వాటినే బోరో అంటారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఆ బట్టలు పేదరికానికి గుర్తుగా తోచి చాలా కుటుంబాలు పారేశాయి. అవే ఇప్పుడు మ్యూజియం గోడల మీద ఉన్నాయి. బట్ట మారలేదు, చూసే కన్ను మారింది. ఆ కన్నును మార్చే బలం ఫ్యాషన్‌కు ఉంది.

పంక్ అనే తిరుగుబాటు సంగీతాన్ని ఇష్టపడే కుర్రకారు 1970లలో లండన్‌లో చిరిగిన చొక్కాలను పిన్నీసులతో పట్టి తిరిగారు. 1977 నాటికే జాండ్రా రోడ్స్ అనే డిజైనర్ ఆ చిరుగులనూ పిన్నీసులనూ ఖరీదైన గౌన్ల మీదికి ఎక్కించింది. పంక్ అమ్ముడుపోయిందని అప్పుడూ బాధపడ్డారు. అయినా తమ బట్ట తామే కోసి కుట్టుకునే ధైర్యం ఆ తర్వాతి తరాలకూ అందింది. మార్టిన్ మార్జెలా అనే డిజైనర్ 1991లో సైనికుల మేజోళ్లు విప్పి స్వెటర్ చేశాడు. మేజోడు మడమ దగ్గర ఉండే వంపును సరిగ్గా మోచేతికి కుదిర్చాడు! తయారీ పద్ధతిని 2004లో ఒక పత్రికలో అచ్చు వేయించాడు, ఎవరైనా చేసుకోవచ్చని. పైనుంచి వచ్చిన ఫ్యాషన్ కింద ఉన్నవాళ్ల చేతికి సూది ఇచ్చిన సందర్భం అది.

దుకాణంలో మాసిక కొన్న పదిమందిలో ఒక్కరు రేపు తమ చిరుగును తాము కుట్టుకున్నా నాకు చాలు.

కత్తెర

బట్టలు బాగుచేయడమే నా వృత్తి. మీరిద్దరూ మాసికను చూస్తున్నారు, నేను దాని కింద ఏముందో చూస్తాను.

కొన్న నాటికే మాసికలున్న జీన్సు ఒకటి నా దగ్గరికి వచ్చింది, మాసిక అంచు ఊడిపోయిందని. విప్పి చూస్తే కింద గుండ్రంగా కత్తిరించిన కన్నం. అంచులు నున్నగా ఉన్నాయి, ఒక్క పోగు కూడా అరిగి లేదు. అంటే నిక్షేపమైన బట్టను కోసి, ఆ కోతను కప్పి అమ్మారు. మాసిక బట్టకు బలం ఇవ్వాలి. అక్కడ మాసిక వల్లే బట్ట బలహీనపడింది. ఈ ఒక్క విషయంలో నూలుకండె గారి పక్షమే నాది.

ఇక అసలు కష్టం. ఇప్పుడొచ్చే జీన్సులో చాలావరకు ఎలాస్టేన్ అనే సాగే పోగు కలుస్తోంది. నూలు లోపల దాగి ఉండే ఆ పోగు తెగితే బట్ట అలలు అలలుగా ఉబ్బుతుంది. దాని మీద సాగని నూలుతో నేస్తే నాలుగు రోజుల్లో కుట్టు పక్కనే మళ్లీ చిరుగుతుంది. మరమ్మతు చేయాలన్న మనసు ఉండగానే సరిపోదు, బట్ట అందుకు లొంగాలి.

చేతికీ కాలం పడుతుంది. కన్నాన్ని దారంతో నేసి పూడ్చాలంటే అంచుకు అర అంగుళం అవతల, గట్టి బట్టలో మొదలుపెట్టాలి. ముందు నిలువు దారాలు పరుచుకోవాలి. తర్వాత అడ్డదారాన్ని ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా నడపాలి. మలుపులో దారం బిగించకూడదు, చిన్న ఉచ్చు వదలాలి. ఉతికినప్పుడు కొత్త దారం కుంచించుకుంటే ఆ ఉచ్చే ఆదుకుంటుంది. అంగుళం కన్నానికి గంట పట్టడం మామూలు. ఆ గంటకు న్యాయమైన కూలి అడిగితే కొత్త బట్టే చవకని వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. ఫ్రాన్స్‌లో 2023 నవంబరులో బట్టలు, చెప్పుల మరమ్మతు బిల్లులో 6 నుంచి 25 యూరోల వరకు తగ్గింపు ఇప్పించడం మొదలుపెట్టారు. ఆ సొమ్ము ఉత్పత్తిదారులు కట్టే నిధి నుంచి వస్తుంది. మాసిక అందంగా ఉందా అన్న చర్చ కంటే అలాంటి నిధి గురించిన చర్చ నాలాంటివాళ్లకు అన్నం పెడుతుంది.

లెక్కలపుస్తకం

వస్తువులను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడాలని పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017 నివేదిక ప్రకారం బట్టల ఉత్పత్తి 15 ఏళ్లలో దాదాపు రెట్టింపయింది, ఒక బట్టను తొడిగే సార్లు 36 శాతం తగ్గాయి. బట్టలకు వాడిన పదార్థంలో తిరిగి బట్టగా మారేది 1 శాతం కూడా లేదు. మరోవైపు, వాడకం సగటున 9 నెలలు పెరిగితే కర్బనం, నీరు, వ్యర్థాల భారం ఒక్కొక్కటీ 20 నుంచి 30 శాతం తగ్గుతుందని వ్యర్థాలు తగ్గించడానికి పనిచేసే బ్రిటన్‌లోని ర్యాప్ సంస్థ అంచనా వేసింది. కాబట్టి నేను అడిగేది ఒకటే: మాసిక వేశాక ఆ బట్ట ఇంకెన్నాళ్లు ఒంటి మీద ఉంది?

నా సంగతే చెబుతాను. రెండేళ్లలో నాలుగు చొక్కాలు బాగుచేసుకున్నాను, ఎంతో తృప్తిపడ్డాను. కొన్నవి లెక్కపెడితే పంతొమ్మిది. మాసిక నా మనసును తేలిక చేసిందే తప్ప బీరువాను తేలిక చేయలేదు. గోడబొమ్మ గారు చెప్పిన ఆ పదో మనిషి సూది పట్టవచ్చు. కొనడం కూడా ఆపితేనే నేను ఆ మనిషిని లెక్కలోకి తీసుకుంటాను.

మెట్లదారి

సిగ్గు పోయిందని గోడబొమ్మ గారు అంటున్నారు. ఎవరికి పోయింది? మంచి బూట్లు వేసుకున్నవాడి మోచేతి మీద మాసిక ఉంటే అభిరుచి అంటారు. అరిగిన చెప్పులతో అదే మాసికతో వెళ్తే లేమి అంటారు. ఒక ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు ఎదుట కూర్చున్న అధికారి నా చొక్కా కాలరు వంకే చూస్తూ ప్రశ్నలు అడిగాడు. నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా అమ్మ చిరుగును కనిపించనిచ్చేది కాదు. లోపలి మడత నుంచి అదే బట్ట పోగులు లాగి, వాటితోనే నేసేది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తప్ప తెలిసేది కాదు. ఆ పనికి ప్రదర్శనలు లేవు, ఫొటోలు లేవు. కనిపించే కుట్టునే కళగా పొగుడుతూ పోతే, కనిపించకుండా కుట్టే ఆ గొప్ప పనితనాన్ని నేర్చుకునేవాళ్లు మిగలరు.

గోడబొమ్మ

మెట్లదారి గారూ, మీ మాట తగలాల్సిన చోట తగిలింది. సిగ్గు అందరికీ ఒకేలా పోలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా కనిపించే కుట్టును వదులుకోలేను. చేయి తిరగని కొత్తవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టగలిగేది దానితోనే. వంకర పోయినా ఫరవాలేదనే భరోసా దానిలో ఉంది. మీ అమ్మగారి పనితనం అందుకోవడానికి ముందు ఎవరైనా పది వంకర కుట్లు వేయాలి కదా.

నూలుకండె

మొదట్లో నేను దుకాణాన్ని మాత్రమే తప్పుపట్టాను. లెక్కలపుస్తకం గారి పంతొమ్మిది చొక్కాలు చదివాక నా బీరువా తెరిచి చూసుకున్నాను. పెద్ద తేడా లేదు. కనుక నా వాదనను కొంత సవరించుకుంటున్నాను: కొత్త మాసిక ఒక్కటే మరమ్మతును చంపడం లేదు, కొంటూ పోయే నా చేయి కూడా చంపుతోంది. కానీ కత్తెర గారు విప్పి చూపిన ఆ కోసిన కన్నం విషయంలో ఒక్క అడుగు కూడా వెనక్కి వేయను. నిక్షేపమైన బట్టను కోసి పైన గుడ్డ అతికించడం మరమ్మతు చేతికి అవమానం. దాన్ని పర్యావరణ హితమని చీటీ తగిలించి అమ్మనివ్వకూడదు.

కత్తెర గారూ, ఎలాస్టేన్ కలిసిన జీన్సు మోకాలు నాదీ ఒకటి ఉబ్బి చిరిగింది. పారేయమంటారా?

కత్తెర

పారేయకండి. పాడైన ఇంకో సాగే జీన్సు నుంచి ముక్క తీసుకోండి. చిరుగు కంటే అన్ని వైపులా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉండాలి. లోపలి వైపు పెట్టి, అడ్డంగా సాగే దిశ రెండింటికీ ఒకటే అయ్యేలా తిప్పి చూసుకోండి. మోకాలు వంచి ఉన్నప్పుడే గుండుసూదులు గుచ్చండి, నిటారుగా నిలబడి గుచ్చితే కూర్చోగానే పట్టేస్తుంది. తిన్నని కుట్టు వద్దు, వంకరటింకర కుట్టే వేయండి. అది సాగుతుంది. దారం రంగు మీ ఇష్టం.