నల్లరేగడిలో ఉంగరం వెతకాలి, మొదటి మెటల్ డిటెక్టర్ ఏది కొనాలి?

గుంటూరు దగ్గర మా మిరప చేలో నాన్నగారి అర కాసు ఉంగరం జారిపోయి 12 రోజులైంది. పడింది రెండు సాళ్ల మధ్యే. మట్టి జల్లించి చూశాం, దొరకలేదు. ఆన్‌లైన్‌లో 3,500 పెట్టి ఒక డిటెక్టర్ తెప్పించాను. అడుగడుగునా కూతే: మేకులకి, తీగ ముక్కలకి, ఒక్కోసారి ఉత్త తడిమట్టికి కూడా. డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాలకి కూయకుండా చేసే సెట్టింగ్) పెంచితే ఇనుముకి ఊరుకుంటోంది గానీ, పరీక్షకని రెండంగుళాల లోతున పాతిన నా ఉంగరానికీ పలకలేదు! (అది మళ్లీ చేతికొచ్చేదాకా టెన్షనే.)

బడ్జెట్ 30 వేలు. రెండు డిటెక్టర్లు చూశాను. గ్యారెట్ ఏస్ 300 పనిచేసే ఫ్రీక్వెన్సీ 8 కిలోహెర్ట్జ్, గ్రౌండ్ బ్యాలెన్స్ (ఉత్త మట్టికి కూయకుండా సర్దే సెట్టింగ్) మనం మార్చలేం. నోక్టా సింప్లెక్స్ ప్లస్‌ది 12 కిలోహెర్ట్జ్, గ్రౌండ్ బ్యాలెన్స్ మార్చుకోవచ్చు. నల్లరేగడిలో ఇంత చిన్న బంగారానికి, నాలాంటి కొత్తవాడికి ఈ రెండింట్లో ఏది నయం?