అప్‌డేట్: అమ్మ ప్రోగ్రెసివ్ కళ్ళద్దాల సమస్య తీరింది

కావలిలో ఉండే మా అమ్మకి కొత్త ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలతో (ఒకే అద్దంలో పైభాగం దూరానికి, కిందిభాగం చదవడానికి ఉండేవి) గడ్డం పైకెత్తితే తప్ప పేపర్ కనపడడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు ఫిట్టింగ్ చూపించండి" అన్నవాళ్ళ మాటే నిజమైంది.

నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక షాపాయన అద్దాల మీద కనీకనపడని గుర్తులు వెతికి, స్కెచ్‌పెన్నుతో చుక్కలు పెట్టి అమ్మకి తొడిగి చూశాడు. కంటిపాపకి ఎదురుగా ఉండాల్సిన గుర్తు బాగా కిందికి ఉంది. ఫ్రేమ్ ముక్కు మీద జారుతోంది, దాంతో చదివే భాగం ఇంకా కిందికి పోయింది. ముక్కు దగ్గరి ప్యాడ్లు దగ్గరికి వంచి, చెవుల వెనక కాడలు సరిచేశాడు. అక్కడే తల నిటారుగా పెట్టి పేపర్ చదివింది! ఎంత సంతోషమేసిందో.

పవర్ మళ్ళీ చూపించాం, అదే వచ్చింది. అమ్మకి శుక్లం వచ్చిందేమోనన్న మా టెన్షన్, అద్దాల కోటింగ్ మీద అనుమానం అనవసరమని తేలింది. ప్రోగ్రెసివ్ తీసుకునేవాళ్ళు ఫ్రేమ్ ముఖానికి సరిచేయించాకే కొలతలు తీయించుకోండి.