హెడ్‌లైట్లు కొడితే ‘ఆగు’ అనా, ‘వెళ్ళు’ అనా?

వేరే దేశానికి మారి నాలుగు నెలలైంది. పన్నెండేళ్ళు రోడ్డుకి ఎడమవైపు నడిపి, ఇప్పుడు కుడివైపు నడుపుతున్నాను. వైపు మారడం అనుకున్నంత కష్టం కాలేదు. రౌండ్‌అబౌట్‌లో ఇప్పుడు ఎడమనుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలి, అదీ అలవాటైంది.

నాకు పట్టుబడనిది సైగల భాష. మన దగ్గర హెడ్‌లైట్లు కొడితే ‘నేను వస్తున్నా, ఆగు’ అని అర్థం. ఇక్కడ చాలామంది ‘నువ్వు వెళ్ళు’ అని చెప్పడానికి కొడతారు. మొన్న నేను పాత అలవాటుతో లైట్లు కొట్టాను. ఎదుటి కారతను దారి ఇచ్చాననుకుని నా ముందునుంచే తిరిగాడు. గట్టిగా బ్రేక్ వేసి ఆపాను. వెనక సీట్లో పాప ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు వణుకుతాయి. తప్పు నాదే, అతనిది కాదు.

హారన్ సంగతీ అంతే. ‘పక్కన ఉన్నాను’ అని చిన్నగా కొట్టినా తిట్టినట్టు చూస్తారు.

ఇలా దేశం మారినవాళ్ళు చెప్పండి: ఈ పాత అలవాటు ఎలా మానుకున్నారు? లైట్లతో సైగ చేయడం పూర్తిగా మానేయడమే మంచిదా? అనుభవం ఉన్నా మళ్ళీ శిక్షకుడి దగ్గర కొన్ని క్లాసులు తీసుకుంటే ఉపయోగం ఉంటుందా? పాపని ఎక్కించుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.