కాప్రాలోవా సంగీతం విన్నవాళ్లున్నారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

శ్రావణమేఘం: మా పాపకి పియానో మాస్టారు ‘ఏప్రిల్ ప్రెలూడ్స్’ అనే చిన్న పియానో రచనల్లో మూడోది ఇచ్చారు. రాసినావిడ వీత్యెజ్‌స్లావా కాప్రాలోవా అట. వెతికితే పాతికేళ్లకే పోయిందన్న మాటే అందరూ చెప్తున్నారు. సంగీతం సంగతి చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?

బ్ర్నో బాబాయ్: నేనుండేది ఆవిడ పుట్టిన ఊళ్లోనేనండి, చెక్ దేశంలోని బ్ర్నోలో. 1915లో పుట్టింది. తండ్రి వాత్స్లావ్ కాప్రాల్ స్వరకర్త, పేరున్న చెక్ స్వరకర్త యానాచెక్ శిష్యుడు. తల్లి గాయని. తండ్రి కాప్రాల్ అయితే కూతురు కాప్రాలోవా ఏంటని నేనూ మొదట్లో తికమకపడ్డా, ఇక్కడ ఆడవాళ్ల ఇంటిపేరు చివర ‘ఓవా’ చేరుతుంది లెండి. ముందు ఆవిడ ఆర్కెస్ట్రాకి రాసిన చిన్న సింఫనీ ‘మిలిటరీ సింఫొనియెట్టా’ వినండి. 1937 నవంబరులో ప్రాగ్‌లో చెక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా‌ని తనే నడిపించింది. అప్పటికి 22 ఏళ్లు! మరుసటేడు లండన్‌లో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్లీ అదే.

మూడోకాలం: పేరు చూసి కవాతు బ్యాండనుకుని ఏడాదిపాటు దాని జోలికే పోలేదు నేను. తీరా వింటే యుద్ధం మీద మోజు ఎక్కడా లేదు. పక్కనే హిట్లర్ కాచుక్కూర్చున్న రోజులు కదా, మన ఇల్లు మనం కాపాడుకోవాలన్న బిగువు వినిపించింది. బాకాలు మోగి తగ్గాక వచ్చే మెత్తటి చోట్లే నాకిష్టం.

గోడగడియారం: పారిస్‌లో ఉన్న చెక్ స్వరకర్త మార్టినూ దగ్గర నేర్చుకుంది కాబట్టే ఇంత పేరు అంటారు మరి?

మూడోకాలం: అదే నాకు ఒళ్లు మండే మాటండీ. ఆవిడ పారిస్ చేరింది 1937 అక్టోబరులో. పియానో కన్చెర్టో (పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసింది) 1935 నాటిది. సింఫొనియెట్టా, మీ పాప వాయిస్తున్న ప్రెలూడ్స్ కూడా ఆ ప్రయాణానికి ముందువే. ప్రాగ్‌లో కంపోజిషన్ స్వరకర్త నోవాక్ దగ్గర, ఆర్కెస్ట్రా నడిపించడం కండక్టర్ తాలిఖ్ దగ్గర నేర్చుకునే వెళ్లింది. మార్టినూ సాయం చేశాడు, కాదన్ను.

రాత్రిడ్యూటీ: నాకు పాటలే ముందు. చెక్ కవి నెజ్వల్ కవితకి కట్టిన ‘స్బోహెమ్ ఆ షాతెచెక్’ వినండి. సెలవు తీసుకుంటూ రుమాలు ఊపే పాట. భాష రాకపోయినా రైలు కదిలిపోయినట్టే ఉంటుంది. 1940 జూన్ 14న పారిస్ జర్మన్ల చేతికి చిక్కింది, 16న ఈవిడ ఫ్రాన్స్‌లోనే మోంపెల్యేలో పోయింది. రచయిత యిర్జీ ముఖాతో పెళ్లై రెండు నెలలైనా కాలేదు.

బ్ర్నో బాబాయ్: ప్రెలూడ్స్ రాసింది ఫిర్కుష్నీ లాంటి ఘనాపాటి పియానిస్టు కోసం. నాలుగోది ఇప్పుడే ముట్టుకోనివ్వకండి. మూడోది నెమ్మదిగా, సాదాగా ఉంటుంది, మాస్టారు చూసే ఇచ్చినట్టున్నారు.

శ్రావణమేఘం: అందరికీ థాంక్సండీ. నిన్న సింఫొనియెట్టా పెట్టాం. పాప అడిగింది: “అమ్మా, మన ప్రెలూడ్ రాసినావిడేనా ఇంత గట్టిగా అరిచేది?”