బ్లూ గ్రామానా, హెయిరీ గ్రామానా? కొలరాడో గడ్డి గుర్తుపట్టడంలో సాయం కావాలి

కొలరాడోలో బౌల్డర్ పక్కన కొండలు మొదలయ్యే చోట, సుమారు 5,800 అడుగుల ఎత్తులో, రాళ్ల నేల మీద ఈ గడ్డి కుదుళ్లుగా ఉంది. ఆగస్టు చివర్లో చూశాను. మోకాలి ఎత్తు కూడా లేదు. కాడకు రెండేసి కంకులు, గింజలన్నీ దువ్వెన పళ్లలా ఒకే వైపు. గ్రామా గడ్డే, అందులో అనుమానం లేదు.

ఫోన్ యాప్ ఒక ఫోటోకి బ్లూ గ్రామా అంటోంది, అదే కుదురు ఇంకో ఫోటోకి హెయిరీ గ్రామా అంటోంది. కంకి ఈనె చివర ముల్లులా పొడుచుకొస్తే హెయిరీ అని చదివి భూతద్దంతో చూశాను. కొన్ని కంకులకు ఆ మొన స్పష్టంగా ఉంది, అదే కుదుర్లో మరికొన్నింటికి లేదు. పొట్టు మీద నల్లటి మొదలున్న వెంట్రుకలు మాత్రం అన్నిటికీ ఉన్నాయి.

మొన లేని కంకులున్నా, ఆ వెంట్రుకలను బట్టి ఇది హెయిరీ గ్రామా అని ఖాయం చేసుకోవచ్చా?