నడకను కొలిచి మతిమరుపు పసిగట్టే సెన్సార్లు: ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరైనా వాడారా?

మూలాపేట అమ్మాయి
అమ్మకు 72. ఈ మధ్య చెప్పిన మాటే మళ్లీ చెబుతోంది, పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతోంది. డాక్టర్ గారు 30 మార్కుల ప్రశ్నల పరీక్ష పెట్టారు. అమ్మ బడి మొహం చూడలేదు. ఒక వాక్యం రాయమన్నారు, బొమ్మ చూసి గీయమన్నారు. పెన్ను పట్టుకోవడమే రాని మనిషి ఏం రాస్తుంది? మార్కులు తగ్గాయి. తగ్గింది మతిమరుపు వల్లనా, చదువు లేకనా అన్నది నాకు అర్థం కావడం లేదు. నడుముకో చేతికో మోషన్ సెన్సార్ పెట్టి నడక కొలిస్తే మెదడు సంగతి కొంత తెలుస్తుందని చదివాను. ఏ రకం కొనాలి, ఎంతవుతుంది, నెల్లూరులో ఆ రీడింగ్ చూసి చెప్పేవాళ్లు ఉన్నారా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కావలి కోడలు
చేతి వాచీ మాత్రం కొనొద్దక్కా. మా మామయ్య గారికి పెట్టాం. ఆయన కర్ర పట్టుకుని మెల్లగా నడుస్తారు. కర్ర పట్టిన చెయ్యి ఊగదు గదా, బజారు దాకా వెళ్లొచ్చినా అందులో అడుగులు పడవు. కూర్చుని వేరుశనక్కాయలు ఒలిస్తే మాత్రం పడతాయి. మా ఆయన ఫోన్‌లో ఆ అంకెలు చూసి "నాన్న అసలు కదలడం లేదు" అని రోజూ గొడవ. పెద్దాయన నొచ్చుకుని ఒక పూట అన్నం కూడా మానేశారు. తీసి బీరువాలో పెట్టేశాను.

ఈసీఈ ఒంగోలు
నా ఉద్యోగమే ఇది. బెంగళూరులో వైద్య పరికరాల సిగ్నల్స్ చూస్తాను కాబట్టి ఊహించి కాదు, తెలిసి చెబుతున్నాను. అడుగులు లెక్కపెట్టే వాచీ వేరు, నడక తీరు కొలిచే సెన్సార్ వేరు. దీన్ని నడుం వెనక, వెన్నెముక కింది భాగం మీద ఆనేట్టు కడతారు. లోపల యాక్సెలరోమీటర్ కుదుపుల్ని, గైరోస్కోప్ ఒళ్లు తిరిగే వేగాన్ని సెకనుకు 100 సార్ల వరకు నమోదు చేస్తాయి. మాకు అడుగుల సంఖ్యతో పెద్దగా పనిలేదు. అడుగుకీ అడుగుకీ మధ్య సమయం ఎంత నిలకడగా ఉంది, వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు పడుతున్నాయి, రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఎంతసేపు ఉంటున్నాయి, ఇవీ మేం చూసేవి.

నడక కాళ్ల పని ఒక్కటే కాదు. దారి చూసుకోవాలి, ధ్యాస పెట్టాలి, తూలితే సరిచేసుకోవాలి. ఇదంతా మెదడు చేసేదే. అక్కడ పట్టు తగ్గితే కొందరిలో మాట తడబడే కంటే ముందే అడుగు మారుతుంది. నడుస్తూ ఏదైనా చెప్పమంటే ఇంకా బాగా బయటపడుతుంది. మాట్లాడిస్తే నడక ఆపేసే పెద్దవాళ్లు తర్వాతి నెలల్లో ఎక్కువగా కిందపడుతున్నారని స్వీడన్ వాళ్లు 1997లోనే రాశారు. మీ అమ్మగారిలా బడికి వెళ్లనివాళ్లకు ఇదే న్యాయమైన పరీక్ష. సెన్సార్ అక్షరాలు అడగదు.

పొదిలి రైతుబిడ్డ
అక్షరాలు అడగదు సరే సార్, మోకాళ్ల సంగతి అడుగుతుందా? మా పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల్లో పెద్దవాళ్ల నడక మీరెప్పుడైనా చూశారా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి కీళ్లు బిగుసుకుపోయి, నడుం వంగక, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. మా నాయన వెనక్కి తిరగడానికి అడుగులు ఎక్కువే వేస్తాడు. ఆయనకు ఏ గట్టు ఎవరిదో, ఎవరికి ఎంత అప్పిచ్చాడో ఈరోజుకీ పైసలతో సహా నోటికొచ్చు. ఒక క్యాంపులో నడిపించి, "మెదడు పరీక్ష చేయించండి" అని చీటీ రాసిచ్చారు. "నాకు పిచ్చి పట్టిందంటున్నారా" అని ఆ రాత్రంతా నిద్రపోలేదు ఆయన.

ఈసీఈ ఒంగోలు
అది సెన్సార్ తప్పు కాదు, ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పినవాళ్ల తప్పు. మనిషిని అతని పాత కొలతతోనే పోల్చాలి. కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిచి తేడా చూడాలి.

పొదిలి రైతుబిడ్డ
ఫ్లోరోసిస్, అదే ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఉన్నచోట ఆగుతుందా? ఏటికేడు ముదురుతుంది. ఎముక పెరిగి వెన్నులో నరాన్ని నొక్కితే కాళ్లు ఇంకా బిగుస్తాయి. రేపు మళ్లీ కొలిస్తే తగ్గిందనే వస్తుంది. అప్పుడు మతి తగ్గిందని రాస్తారా?

ఈసీఈ ఒంగోలు
దానికే రెండు సార్లు నడిపిస్తారు. ఒకసారి ఊరికే, ఒకసారి మాట్లాడుతూ. మోకాలు రెండింట్లోనూ అదే మోకాలు. మాట్లాడేటప్పుడు వేగం ఎంత పడిపోయిందో ఆ తేడానే మెదడు లెక్క. ఇంత సులువైన విషయం.

పొదిలి రైతుబిడ్డ
మీకు సులువే. నొప్పితో అడుగేసే మనిషి ధ్యాసలో సగం ఆ నొప్పి మీదే ఉంటుంది. మాట్లాడమంటే ఆ మిగిలిన సగం కూడా పోతుంది. నొప్పి లేనివాడికి వచ్చే తేడా, వాడికి వచ్చే తేడా ఒకటి కాదు. ఏసీ గదుల్లో నున్నటి గచ్చు మీద నడిచేవాళ్లతో కట్టిన లెక్కలు తెచ్చి మావాళ్ల మీద రుద్దకండి.

ఈసీఈ ఒంగోలు
నేనూ ఈ జిల్లావాడినేనండీ. నా ఉద్యోగం మీద ఎత్తిపొడుపులు ఎందుకు? నొప్పి ప్రభావం ఉందని ఒప్పుకుంటాను. దానికోసం పరీక్షే వద్దంటే ఒప్పుకోను.

ఉదయగిరి దుర్గం
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మన దేశంలో మనుషుల ఎముకలకు ఫ్లోరైడ్ జబ్బు వస్తోందని మొదట బయటపెట్టింది మా నెల్లూరు జిల్లాలోనే, 1937లో. ఇన్నేళ్లయినా జనం ఇంకా ఆ నీళ్ల గురించే మాట్లాడుకోవాల్సి రావడం బాధగా ఉంది.

పొదిలి రైతుబిడ్డ
మీ నెల్లూరు కాదు. అప్పటి నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మా తాలూకాలు ఇటు వచ్చాయి, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. పేరు మీకు, కాళ్ల నొప్పులు మాకు.

ఉదయగిరి దుర్గం
మా ఉదయగిరి వైపు కూడా ఫ్లోరైడ్ ఉందన్నా. మీ ఒక్కరి బాధ కాదిది.

ఫిజియో దర్గామిట్ట
జిల్లాల లెక్క తర్వాత చూసుకుందాం, ఆ అమ్మాయికి పనికొచ్చేది చెప్పండి ఎవరైనా. నేను రిటైరయ్యాను కానీ ఇప్పటికీ పెద్దవాళ్లను నడిపిస్తూనే ఉన్నాను. అసలు ఏ సెన్సారూ లేకుండా మొదలుపెట్టవచ్చు. చేతులున్న కుర్చీ, అక్కడి నుంచి 3 మీటర్ల దూరంలో ఒక గీత. లేచి, గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. 1991 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పరీక్ష ఇది. సెన్సార్ కడితే ఆ మొత్తం సమయం ముక్కలవుతుంది: లేవడానికి ఎంత, నడవడానికి ఎంత, తిరగడానికి ఎంత అని. మొత్తం సమయంలో దాగిపోయే తేడా తిరిగే దగ్గర దొరుకుతుంది. సెన్సార్ గొప్పతనం అక్కడుంది.

ప్రతిసారీ అదే చెప్పులు, లేదా ప్రతిసారీ వట్టి కాళ్లు. చీర కుచ్చిళ్లు కాలికి తగలకూడదు. పొద్దున ఒకసారి, మందులేసుకున్నాక మగతలో ఒకసారి కొలిచి పోల్చకూడదు. మాట్లాడిస్తూ నడిపించేటప్పుడు పక్కనే మనిషి ఉండాలి, పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది.

పొదిలి ఆయన మాట కొట్టిపారేయడానికి లేదు. మోకాలి అరుగుదల, షుగర్ వల్ల అరికాళ్ల తిమ్మిరి, కంట్లో శుక్లాలు, ఏదున్నా నడక మందగిస్తుంది. సెన్సార్ మందగించిందని చెబుతుంది, ఎందుకో చెప్పదు.

కావలి కోడలు
మాట్లాడిస్తూ అంటే ఏం మాట్లాడించాలండీ? మా అత్తమ్మకు 100 నుంచి 7 తీసేస్తూ పొమ్మన్నారు, అక్కడే నిలబడి ఏడ్చేసింది.

ఫిజియో దర్గామిట్ట
ఆ తీసివేత చదువుకున్నవాళ్లకమ్మా. చదువుకోనివాళ్లను వాళ్లకు తెలిసినవి చెప్పమనాలి. కూరగాయల పేర్లు, చేపల పేర్లు. ఒక పెద్దాయన నడుస్తూ కొరమేను, బొమ్మిడాయి, జెల్ల, పండుగప్ప అని చెప్పుకుంటూ పోయాడు, అడుగు చెదరలేదు. చేపల వ్యాపారం చేసిన మనిషికి అది మరీ తేలిక, కాబట్టి ఆయన్ని ఊళ్ల పేర్లు అడిగాను. ఏది అడిగినా తర్వాతిసారి కూడా అదే రకం అడగాలి.

పెన్నా ఒడ్డు
ఇంతసేపూ అందరూ కొలవడం గురించే. ఆ పెద్దావిడను అడిగారా? మా జేజికి చెప్పకుండా మా బాబాయి లాకెట్‌లో ఏదో పెట్టి మెళ్లో వేశాడు. గుడికెళ్లినా, పక్కింటికెళ్లినా ఆయనకు ఫోన్‌లో తెలిసిపోయేది. సంగతి తెలిశాక జేజి దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టి, "నేను గొడ్డునా" అంది. ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు. మీకు డేటా కావచ్చు, అది వాళ్ల బతుకు.

ఈసీఈ ఒంగోలు
ఎక్కడున్నారో చూపే జీపీఎస్ వేరు, నేను చెప్పేది వేరు. రెండూ కలిపి భయపెట్టకండి.

పెన్నా ఒడ్డు
భయపెట్టడం కాదు. ఒళ్లు మీద కట్టే ఏ వస్తువైనా ముందు అడిగి కట్టాలి. మతిమరుపు మొదలైనంత మాత్రాన సమ్మతి అడగక్కర్లేదా?

గూడూరు జంక్షన్
మా నాయన సంగతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మతిమరుపు వచ్చింది, పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఈడ్చి ఈడ్చి నడిచేవాడు, మూత్రం ఆగేది కాదు. వయసైపోయింది, ఇక ఇంతేనని చుట్టాలందరూ అన్నారు. చెన్నైలో న్యూరాలజిస్టు ఈ మూడూ కలిసి ఉన్నాయని స్కాన్ తీయించి, మెదడు గదుల్లో నీరు పేరుకుందన్నారు. ముందు నాయన నడక కొలిచారు. నడుం దగ్గర సూదితో కొంచెం నీరు తీసి మళ్లీ నడిపించి కొలిచారు. తేడా మా కళ్ల ముందే కనిపించింది. ఆ తేడా చూసే షంట్ వేశారు, అంటే ఆ నీరు బయటికి పోయేలా సన్నటి గొట్టం. ఇప్పుడు తనంతట తాను స్టేషన్ దాకా నడిచొస్తాడు. నడక కొలవడం దండగ అనేవాళ్లు ఒక్కసారి మా నాయనను చూడండి.

మూలాపేట అమ్మాయి
మీ నాయన గారి సంగతి విని ధైర్యం వచ్చిందన్నా. నేను అడిగిన ఖరీదు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఐఫోన్‌లోనే నడక వేగం వస్తుందని తమ్ముడు అంటున్నాడు, నిజమా?

ఈసీఈ ఒంగోలు
వస్తుంది. నడక వేగం, అడుగు పొడవు చూపిస్తుంది. 2021 నుంచి నడకలో నిలకడ ఎంతుందో కూడా చెబుతోంది. ఫోన్ నడుం దగ్గర ఉండాలి, జేబులోనో బిగుతుగా కట్టిన సంచిలోనో. చేతి సంచిలో వేసుకుంటే సరిగా రాదు. అయితే అది పడిపోయే ప్రమాదానికి చేసింది. ఏ ఫోనూ, ఏ వాచీ కూడా డిమెన్షియా, అంటే మతి తగ్గిపోయే జబ్బు, ఉందో లేదో తేల్చదు.

ఫిజియో దర్గామిట్ట
అమ్మాయీ, నడక మందగించడం, దాంతోపాటు మతి తగ్గిందన్న ఫిర్యాదు, రెండూ కలిసి ఉంటే దానికొక పేరుంది: మోటరిక్ కాగ్నిటివ్ రిస్క్ సిండ్రోమ్. 2013లో జో వర్గీస్ అనే న్యూరాలజిస్టు పెట్టారు. 17 దేశాల్లో 26,802 మంది పెద్దవాళ్ల లెక్కలు కలిపి చూస్తే దాదాపు 10 శాతం మందిలో కనిపించింది. ఈయన బృందం కేరళలో కోజికోడ్‌లో కూడా పనిచేసింది, అన్నీ అమెరికా లెక్కలే అనుకోనక్కర్లేదు. ఇది ఉన్నవాళ్లకు ముందుముందు డిమెన్షియా వచ్చే అవకాశం ఎక్కువ. అందరికీ వస్తుందని కాదు.

నీకు ముందు కావలసింది సెన్సార్ కాదు. విటమిన్ బి12, థైరాయిడ్, షుగర్ రక్తపరీక్షలు చేయించు, కళ్లు చెవులు చూపించు, నిద్ర మాత్రలేమైనా వాడుతున్నారేమో చూడు. బడికి వెళ్లని వాళ్లకు సరిపడే ప్రశ్నల పరీక్షలు తెలుగులో ఉన్నాయి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అయిదు భాషల్లో పరీక్షలు తయారు చేయించింది, అందులో తెలుగు ఒకటి. రాత అక్కర్లేని పరీక్ష పెట్టమని న్యూరాలజిస్టును గట్టిగా అడుగు, మొహమాటపడకు.

పొదిలి రైతుబిడ్డ
ఫిజియో సార్ చెప్పింది బాగుంది. ఆ క్యాంపువాళ్లు మా నాయన మోకాళ్లు తడిమి చూసినా, ఒక్క ప్రశ్న అడిగినా ఈ గొడవే ఉండేది కాదు.

ఈసీఈ ఒంగోలు
ఆ మాటకు నేనూ కట్టుబడతాను. మీ నాయన గారికి అభ్యంతరం లేకపోతే ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల నడక ఎలా ఉంటుందో నడుం సెన్సార్‌తో నమోదు చేస్తాను. మావాళ్ల లెక్కల్లో అలాంటివాళ్లు అసలు లేరు, ఉండాలి.

పొదిలి రైతుబిడ్డ
ఆయన్ని అడిగి చెబుతాను. కట్టేది మాత్రం మీరే వచ్చి కట్టాలి, వేరేవాళ్లను పంపితే ఒప్పుకోడు.

మూలాపేట అమ్మాయి
అమ్మను అడిగాను. నడుముకు బెల్టు కట్టుకోవడానికి సరేనంది, మెళ్లో వేసేది వద్దంది. సోమవారం రక్తపరీక్షలకు వెళ్తున్నాం. మా హాల్లో 3 మీటర్లు సూటిగా రావడం లేదు, వరండాలో గీత గీసుకోవచ్చా సార్? కొంచెం వాలుగా ఉంటుంది.

ఫిజియో దర్గామిట్ట
వాలు పనికిరాదమ్మా. మేడ మీద చదునుగా ఉంటే అక్కడ గీయి, కానీ మెట్లెక్కాక కాసేపు కూర్చోబెట్టి, ఆయాసం తగ్గాకే నడిపించు.